మొదటి ట్యూబ్ గిటార్ ఆంప్ కిట్: ఏది తీసుకోవాలి, కొనేముందు ఏం చూడాలి

మీరు అడిగిన విషయం క్లుప్తంగా ఇది. ఫజ్, ఓవర్‌డ్రైవ్ పెడళ్లు (గిటార్ శబ్దాన్ని గరగరలాడించే చిన్న పెట్టెలు) కొన్ని సొంతంగా సోల్డరింగ్ చేసుకున్న అనుభవం మీకు ఉంది. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నారు. ఇంట్లో బ్లూస్, పాత రాక్ వాయించుకోవడానికి ఒక ట్యూబ్ ఆంప్‌ను (గాజు వాల్వులతో గిటార్ శబ్దాన్ని పెంచే ఆంప్లిఫయర్‌ను) కిట్ తెప్పించి కట్టుకోవాలనుకుంటున్నారు. ఫెండర్ చాంప్ తరహా 5ఎఫ్1, ఫెండర్ డీలక్స్ తరహా 5ఈ3, మార్షల్ తరహా 18 వాట్ల కిట్, జేటీఎం45, ఈ నాలుగింటి మధ్య ఊగిసలాడుతున్నారు. చిన్నది కొంటే ఏడాది తిరగకముందే చాలదనిపించి, మళ్లీ పెద్దది కొనవలసి వస్తుందేమోనన్నది మీ సందేహం.

నా సలహా 5ఎఫ్1, లేదా దానికే ఒక టోన్ నాబ్ కలిపిన ప్రిన్స్‌టన్ తరహా 5ఎఫ్2-ఏ. కానీ ఈ పేర్లకంటే ముఖ్యమైనవి రెండున్నాయి: ఆ కిట్‌తో వచ్చే పవర్ ట్రాన్స్‌ఫార్మర్ మన 230 వోల్టుల, 50 హెర్ట్జ్ కరెంటుకు తగినదై ఉండాలి, దానితో ఇచ్చే నిర్మాణ పుస్తకంలో ఎక్కడ ఎంత వోల్టేజీ ఉండాలో రాసి ఉండాలి. ఈ రెండూ సరిగ్గా ఉన్న డీలక్స్ కిట్, ఇవి లేని చాంప్ కిట్ కన్నా మంచిదేనని ఒప్పుకుంటాను. రెండూ ఉన్న చాంప్ కిట్ దొరికినప్పుడు మాత్రం మొదటిసారి కట్టేవారు దానిని దాటి పోవలసిన అవసరం లేదు.

ముందుగా చాంప్‌లో ఏముందో చూడండి. 1950ల రెండో సగంలో వచ్చిన ఈ సర్క్యూట్‌లో ఉన్నవి మూడే ట్యూబులు. 12ఏఎక్స్7 ఒకే గాజు గొట్టంలో రెండు ట్రయోడ్‌లు (సిగ్నల్‌ను పెంచే విభాగాలు) ఉన్న ట్యూబు కాబట్టి, గిటార్ సిగ్నల్‌ను పెంచే రెండు దశలూ దానిలోనే జరిగిపోతాయి. ఆ రెండింటి మధ్యలో 1 మెగా ఓమ్ వాల్యూమ్ పాట్ (తిప్పే రెసిస్టర్) ఉంటుంది. తరువాత 6వి6 ఒక్కటే స్పీకరును నడిపించే పవర్ ట్యూబు. మూడోది 5వై3, ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్. 100 కిలో ఓమ్‌ల ప్లేట్ రెసిస్టర్లు రెండు, 1.5 కిలో ఓమ్‌ల కేథోడ్ రెసిస్టర్లు రెండు, 0.02 మైక్రోఫారడ్ కప్లింగ్ కెపాసిటర్లు రెండు, 6వి6 కేథోడ్ దగ్గర 470 ఓమ్‌ల రెసిస్టర్, స్పీకరు నుంచి వెనక్కి వచ్చే 22 కిలో ఓమ్‌ల ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్, వీటికి తోడు పవర్ సప్లయ్ ఫిల్టర్ భాగాలు: బోర్డు మీద ఉండేవి దాదాపుగా ఇవే. ట్యూబులో కేథోడ్ ఎలక్ట్రాన్లను వదిలేది, ప్లేట్ వాటిని అందుకునేది, గ్రిడ్ మధ్యలో ఆ ప్రవాహాన్ని అదుపు చేసేది. మొత్తం స్కీమాటిక్ (సర్క్యూట్ పటం) ఒక్క కాగితం మీద పడుతుంది, నాలుగు రోజులు దానితో కూర్చుంటే ప్రతి భాగం ఎందుకుందో మీకే బోధపడుతుంది. ఏదైనా పనిచేయకపోతే వెతకవలసిన చోట్లు కూడా అంతే తక్కువ.

డీలక్స్ 5ఈ3 దీనికి తరువాతి మెట్టు. దానిలో 6వి6లు రెండు పుష్-పుల్ పద్ధతిలో, అంటే ఒకటి నెడితే మరొకటి లాగేలా, పనిచేస్తాయి. వాటికి ఎదురుబొదురు సిగ్నళ్లు అందించే ఫేజ్ ఇన్వర్టర్ దశ ఒకటి అదనంగా ఉంటుంది. రెండు చానళ్ల వాల్యూమ్‌లు, టోన్ ఒకదానినొకటి లాగుతూ ఉంటాయి. చాలా అందమైన ఆంప్, కష్టమైనదని కూడా అనలేను. వారానికోసారి డ్రమ్మర్‌తో కలిసి వాయించేవారైతే నేరుగా దీనికే వెళ్లమంటాను. 18 వాట్ల మార్షల్ తరహా కిట్‌లో ఈఎల్84లు రెండు, 12ఏఎక్స్7లు మూడు ఉంటాయి. ఈఎల్84 గ్రిడ్ దగ్గరి వైర్లు అడ్డదిడ్డంగా నడిపితే చెవికి వినిపించని పౌనఃపున్యంలో కూడా అది ఆసిలేట్ కాగలదు, అంటే దానంతటదే సిగ్నల్ పుట్టించగలదు; దాన్ని పట్టుకోవడానికి ఆసిలోస్కోపు (సిగ్నల్ అలను తెర మీద చూపే పరికరం) కావలసి వస్తుంది. ఇక జేటీఎం45 1960ల మొదట్లో లండన్‌లో ఫెండర్ బాస్‌మన్ 5ఎఫ్6-ఏ సర్క్యూట్‌ను అనుసరించి పుట్టినది. 30 వాట్లకు పైబడిన శక్తి, 400 వోల్టులు దాటిన సప్లయ్, విడిగా సర్దవలసిన బయాస్ (సిగ్నల్ లేనప్పుడు పవర్ ట్యూబు లాగే కరెంటు), చేతులు పడిపోయేంత బరువున్న ట్రాన్స్‌ఫార్మర్లు. అపార్ట్‌మెంట్‌లో ఉండేవారు దాన్ని మొదటి ప్రాజెక్టుగా ఎందుకు ఎంచుకుంటారో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

"చాలదేమో" అన్న మాటకు లెక్క చెబుతాను. సెలెస్టియన్ గ్రీన్‌బ్యాక్ వంటి 12 అంగుళాల స్పీకరు ఒక వాట్ ఇస్తే ఒక మీటరు దూరంలో 98 డెసిబెల్స్ శబ్దం చేస్తుంది. దానికి చాంప్ ఇచ్చే 5 వాట్లు ఇస్తే ఇంకో 7 డెసిబెల్స్ కలిసి 105 అవుతుంది. 15 వాట్ల డీలక్స్‌తో అదే స్పీకరు 110 దగ్గరకు చేరుతుంది. అంటే శక్తి మూడు రెట్లయినా పెరిగింది సుమారు 5 డెసిబెల్స్; చెవికి రెట్టింపు అనిపించాలంటే 10 డెసిబెల్స్, అంటే పది రెట్ల శక్తి కావాలి. పడకగదిలో 105 డెసిబెల్స్ అంటే పక్క ఫ్లాట్ వారు తలుపు తట్టే శబ్దమే. చాంప్‌ను చిన్న ఆంప్ అనిపించేది చాలావరకు దానిలో మొదటి నుంచీ ఉన్న 8 అంగుళాల స్పీకరు. దానికి బదులు మంచి సెన్సిటివిటీ (అదే శక్తికి ఎక్కువ శబ్దం ఇచ్చే గుణం) ఉన్న 10 లేదా 12 అంగుళాల స్పీకరు పెడితే అదే 5 వాట్లు వేరే మనిషి గొంతులా వినిపిస్తాయి. పైగా ట్యూబ్ ఆంప్ అసలు రుచి వాల్యూమ్ సగం దాటాక, పవర్ ట్యూబు అలసటకు వచ్చినప్పుడే తెలుస్తుంది. పెద్ద ఆంప్‌ను మీ ఇంట్లో అంతదాకా తిప్పే అవకాశం మీకు రాదు.

ఇప్పుడు ట్రాన్స్‌ఫార్మర్. ఈ కిట్లలో ఎక్కువభాగం అమెరికా ఇళ్ల కరెంటుకు, అంటే 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌కు తయారైనవి. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి కొని మధ్యలో పెడితే సరిపోతుందని కొందరు చెబుతారు. అది వోల్టేజీని తగ్గిస్తుందే తప్ప పౌనఃపున్యాన్ని మార్చదు. 60 హెర్ట్జ్‌కు మాత్రమే లెక్కగట్టి చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ కోర్ 50 హెర్ట్జ్ దగ్గర సంతృప్తతకు (ఇక అయస్కాంతత్వం పెరగని స్థితికి) దగ్గరపడి, ఎక్కువ వేడెక్కి, ఎక్కువగా గుంయిమంటుంది. అందువల్ల ఆర్డరు ఇచ్చేముందే 50/60 హెర్ట్జ్, 230 లేదా 240 వోల్టుల ప్రైమరీ (గోడ కరెంటు అందే చుట్ట) ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ వేసి ఇస్తారా అని రాతపూర్వకంగా అడగండి. ఇవ్వలేమంటే ఆ కిట్‌ను ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా తీసుకుని, హమ్మండ్ 300 శ్రేణి వంటి యూనివర్సల్ ప్రైమరీ ఉన్నదాన్ని సెకండరీ (ఆంప్‌కు కరెంటు ఇచ్చే చుట్ట) వోల్టేజీలు, కరెంటు, ఛాసిస్‌లో (లోహపు చట్రంలో) పట్టే కొలతలు చూసుకుని విడిగా కొనవచ్చు. మొదటి కిట్‌కు మాత్రం ఆ తలనొప్పి పెట్టుకోవద్దంటాను.

230 అని కాగితం మీద ఉన్నా మీ సాకెట్‌లో ఎంత వస్తోందో ఒక వారంపాటు వేర్వేరు వేళల్లో కొలవండి. రాత్రి పదకొండు దాటాక, వాడకం తగ్గినప్పుడు, 245, 250 కనబడటం మన దగ్గర వింత కాదు. దీని ఫలితం ఎలా ఉంటుందో అంకెల్లో చూద్దాం. చాంప్ తరహా కిట్లలో హైటెన్షన్ వైండింగ్ (ట్యూబులకు హెచ్చు వోల్టేజీ ఇచ్చే చుట్ట) సాధారణంగా 325-0-325 వోల్టులు, అంటే మధ్య తీగకు రెండు వైపులా 325 చొప్పున. స్విచ్ వేయగానే 5వై3 ఫిలమెంట్ క్షణాల్లో ఎర్రబడి డీసీ ఇవ్వడం మొదలుపెడుతుంది, 6వి6 కేథోడ్ వేడెక్కడానికి మాత్రం మరికొంత సమయం పడుతుంది. ఆ మధ్యకాలంలో కరెంటు లాగేవారెవరూ ఉండరు కాబట్టి కెపాసిటర్లు ఏసీ శిఖరం దాకా, అంటే 325ను 1.414తో గుణిస్తే వచ్చే 460 వోల్టుల దాకా ఎక్కుతాయి. 230కి చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌కు 250 అందిస్తే అది 500 అవుతుంది. కిట్‌లో ఇచ్చిన ఫిల్టర్ కెపాసిటర్లు 450 వోల్టులవైతే రోజూ స్విచ్ వేసిన ప్రతిసారీ వాటి హద్దు దాటించినట్టే. 500 వోల్టులు లేదా అంతకు మించిన రేటింగ్ ఉన్నవే ఇమ్మని అడగండి. హీటర్ల (ట్యూబు కేథోడ్‌ను వేడిచేసే తీగల) సంగతీ అంతే: 220 వోల్టులకు చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌లో 6.3 వోల్టుల వైండింగ్, 250 దగ్గర 7.1 దాటుతుంది, అది ట్యూబు ఆయుష్షును తింటుంది. 240 ట్యాప్ (ప్రైమరీ చుట్ట నుంచి 240కి తీసిన కొస) ఉంటే అదే 250 దగ్గర 6.6 లోపే ఉంటుంది. అందుకే మన దగ్గరికి 240 ట్యాప్ ఉన్న ట్రాన్స్‌ఫార్మరే మేలని నా అభిప్రాయం.

పెడళ్లకూ దీనికీ ఉన్న అసలు తేడా ఇక్కడే ఉంది. 9 వోల్టుల పెడల్‌లో తప్పు జరిగితే ఒక ఐసీ పోతుంది. ఇక్కడ 300 వోల్టులకు మించిన డీసీ ఉంటుంది, అది ప్లగ్ పీకేసిన తరువాత కూడా కెపాసిటర్లలో నిలిచి ఉంటుంది, మనిషి ప్రాణం తీయగలదు. ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే బ్రేకర్) ఉంది కదా అన్న ధైర్యం పనికిరాదు. ఆర్‌సీసీబీ కనిపెట్టేది ఫేజ్, న్యూట్రల్ కరెంట్ల మధ్య తేడాను. ఆంప్ లోపలి హైటెన్షన్ ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ నుంచి వస్తుంది. మీ చెయ్యి తగిలితే కరెంటు మీ గుండా వెళ్లి తిరిగి ఆ సెకండరీకే చేరుతుంది, ప్రైమరీ వైపు తేడా ఏమీ కనిపించదు, ఆర్‌సీసీబీ కదలదు. కాబట్టి లోపల చెయ్యి పెట్టే ప్రతిసారీ ప్లగ్ పీకి, కెపాసిటర్లను ఖాళీ చేసి, మీటరుతో సున్నా దగ్గరికి వచ్చిందని చూసుకోవడమే రక్షణ. మొదటి ఫిల్టర్ కెపాసిటర్‌కు అడ్డంగా 220 కిలో ఓమ్‌ల, 2 వాట్ల, 500 వోల్టుల రేటింగ్ ఉన్న రెసిస్టర్ ఒకటి శాశ్వతంగా సోల్డర్ చేస్తే స్విచ్ తీసిన నిమిషంలోపే అది ఆ పని దానంతట అదే చేస్తుంది. చాలా కిట్లలో ఇది ఇవ్వరు; చిన్న భాగం, మీరే వేసుకోండి. అది ఉన్నా మీటరుతో చూడటం మానకండి. ఆన్‌లో ఉన్నప్పుడు కొలవవలసి వస్తే నల్ల ప్రోబ్‌ను క్రొకడైల్ క్లిప్‌తో ఛాసిస్‌కు తగిలించి, ఎర్ర ప్రోబ్‌ను ఒక్క చేత్తోనే పట్టుకుని, రెండో చేతిని జేబులో పెట్టుకోవాలి.

ఎర్త్ గురించి ఇంకొక మాట. గిటార్ తీగలు బ్రిడ్జి ద్వారా, జాక్ కేబుల్ ద్వారా ఆంప్ ఛాసిస్‌కే కలిసి ఉంటాయి. ఛాసిస్‌కు ఫేజ్ తగిలితే మీ చేతిలో ఉన్నది ఫేజ్ వైరే. 1950ల నాటి అసలు ఆంప్‌లకు రెండు తీగల తాడే ఉండేది, ఇప్పటి కిట్లన్నీ మూడు తీగల తాడుతో వస్తాయి. కానీ మన పాత భవనాల్లో మూడో పిన్ను ఉన్నా దాని వెనక వైరు లేని సాకెట్లు కొల్లలు. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఆ గదిలోని ఎర్త్ నిజంగా ఉందో లేదో చూపించుకున్నాకే కిట్ ఆర్డరు ఇవ్వండి. ఆంప్ లోపల ఎర్త్ వైరును ఛాసిస్‌కు దానికంటూ ఉన్న ప్రత్యేకమైన బోల్టుతో, లాక్ వాషర్‌తో బిగించాలి. ట్రాన్స్‌ఫార్మర్ బిగించిన బోల్టు కిందే దాన్నీ దూర్చే అలవాటు మంచిది కాదు. ఫ్యూజ్, స్విచ్ రెండూ ఫేజ్ వైపు ఉండాలి.

కిట్ అమ్మేవారి గురించి అడిగారు. అమెరికాలో ఇండియానాకు చెందిన వెబర్, నార్త్ కరోలైనాకు చెందిన మోజోటోన్, ఒహాయోకు చెందిన స్టూమ్యాక్, కెనడాలో ట్రినిటీ ఆంప్స్, జర్మనీలో ట్యూబ్ ఆంప్ డాక్టర్, మలేసియాలో సెరియాటోన్ ఈ రంగంలో బాగా తెలిసిన పేర్లు. వీరిలో ఎవరిది గొప్పదన్న వాదనలోకి నేను దిగను. ఏది కొన్నా కొనేముందే నిర్మాణ పుస్తకం పీడీఎఫ్‌ను తెప్పించుకుని చదవండి. ఇవ్వడానికి నిరాకరించేవారి దగ్గర మొదటి కిట్ కొనవద్దు. ఆ పుస్తకంలో నేను చూసేది మూడు విషయాలు. ప్రతి వైరు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూపే పెద్ద లేఅవుట్ బొమ్మ ఉండాలి. ప్రతి ట్యూబు పిన్ను దగ్గర ఎంత వోల్టేజీ రావాలో పట్టిక ఉండాలి. మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు ఏ వరుసలో వెళ్లాలో రాసి ఉండాలి. కొందరు ఒక లేఅవుట్ కాగితం, ఒక సంచిలో పోసిన భాగాలు పంపి ఊరుకుంటారు. ఇదివరకే రెండు కట్టినవారికి అది సరిపోతుంది, మీకు సరిపోదు.

బోర్డు విషయంలో ఐలెట్ (లోహపు రంధ్రాల) బోర్డు, టరెట్ (లోహపు పోస్టుల) బోర్డు, ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డు అని మూడు రకాలు కనిపిస్తాయి. ప్రింటెడ్ బోర్డు అయితే శబ్దం చెడుతుందన్నది మూఢనమ్మకమే. అయినా మీకు టరెట్ బోర్డు సూచిస్తాను: ఇత్తడి పోస్టుల చుట్టూ కాళ్లు చుట్టి సోల్డర్ చేసిన భాగాన్ని పదిసార్లు తీసి పెట్టినా ఏమీ కాదు, అదే ప్రింటెడ్ బోర్డులో మూడోసారికి రాగి పట్టీ లేచి వస్తుంది. మొదటి ఆంప్‌లో విలువలు మార్చి చూడాలన్న కోరిక కలగకుండా ఉండదు.

పనిముట్లలో మీ దగ్గర ఉన్న 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ పెడళ్లకు సరే కానీ, పాట్ వెనక భాగానికో, ఛాసిస్ లగ్‌కో వేడి చాలదు. ఉష్ణోగ్రత సర్దుకునే 60 వాట్ల స్టేషన్ కొనుక్కోండి. 63/37 సీసం సోల్డర్ వాడండి, గాలి ఆడే చోట కూర్చోండి. మల్టీమీటర్ కనీసం 600 వోల్టుల డీసీ కొలవగలిగినదై, క్యాట్ 3 భద్రతా రేటింగ్ ఉన్నదై ఉండాలి. రోడ్డు మీద అమ్మే పసుపు మీటర్ల ప్రోబ్ వైర్లను నమ్మి 460 వోల్టుల దగ్గరకు వెళ్లకండి. రెసిస్టర్లు, హుకప్ వైరు, హీట్‌ష్రింక్ వంటివి తక్కువైతే కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. హైటెన్షన్ ఎలక్ట్రొలైటిక్ కెపాసిటర్లను మాత్రం తయారీ తేదీ, బ్రాండ్ నమ్మకంగా తెలిస్తే తప్ప అక్కడ కొనవద్దంటాను. ఏళ్లతరబడి అరలో పడి ఉన్న ఎలక్ట్రొలైటిక్ చూడటానికి కొత్తదానిలాగే ఉంటుంది.

కట్టడం పూర్తయ్యాక నేరుగా ప్లగ్ పెట్టేయకండి. ఫేజ్ వైరుకు వరుసలో ఒక 60 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టిన ఎక్స్‌టెన్షన్ బాక్సు ముందే తయారు చేసుకోండి. ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు. మొదట ట్యూబులేవీ లేకుండా ఇవ్వండి. బల్బు ఒక్క క్షణం మెరిసి ఆరిపోవాలి. వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్ ఉన్నట్టు, వెంటనే ప్లగ్ పీకండి. ఆరిపోతే 6.3, 5, 325-0-325 ఏసీ వోల్టేజీలు సాకెట్ల దగ్గర చూసుకోండి. తరువాత స్పీకరు తగిలించి, మూడు ట్యూబులూ ఒకేసారి పెట్టి మళ్లీ ఇవ్వండి. రెక్టిఫయర్ ఒక్కదాన్నే పెట్టి చూడమని కొన్ని చోట్ల చెబుతారు కానీ, అలా చేస్తే కరెంటు లాగే ట్యూబు లేక కెపాసిటర్లు పైన చెప్పిన శిఖర వోల్టేజీ దగ్గరే కూర్చుంటాయి. వాటి రేటింగ్ గురించి అనుమానం ఉంటే ఆ దశ వదిలేయడమే మంచిది. స్పీకరు లేకుండా ఆంప్‌ను ఒక్క నిమిషం కూడా నడపకండి. లోడ్ లేని అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో సిగ్నల్ వచ్చినప్పుడు పుట్టే ఎదురు వోల్టేజీ దాని ఇన్సులేషన్‌ను పొడిచేస్తుంది. మూడు ట్యూబులతో బల్బు ఒకసారి ప్రకాశించి మసకగా స్థిరపడితే, ఇక బల్బు తీసి నేరుగా ఇవ్వవచ్చు.

అప్పుడు కొలవవలసిన ముఖ్యమైన చోటు 6వి6 కేథోడ్. ఉదాహరణకు 470 ఓమ్‌ల రెసిస్టర్ మీద 20 వోల్టులు వచ్చిందనుకోండి. 20ని 470తో భాగిస్తే సుమారు 42.5 మిల్లీఆంపియర్లు. దానిలో రెండు మూడు స్క్రీన్ గ్రిడ్ (ట్యూబులోని రెండో గ్రిడ్) వాటా అనుకుంటే ప్లేట్‌కు 40 మిగులుతుంది. ప్లేట్ దగ్గర ఛాసిస్‌తో పోల్చి 330 ఉంటే కేథోడ్‌తో పోల్చినప్పుడు 310. 310ని 0.040తో గుణిస్తే 12.4 వాట్లు. పాత 6వి6జీటీ పరిమితి 12 వాట్లు, 6వి6జీటీఏ పరిమితి 14. ఒంటరి పవర్ ట్యూబు ఆంప్‌లో ఇది మామూలే. మన హెచ్చు వోల్టేజీ వల్ల 15, 16 వాట్లు వస్తే ఆ రెసిస్టర్‌ను 560కి, అప్పటికీ తగ్గకపోతే 680కి మార్చండి. రెసిస్టర్ మీద దాదాపు 0.85 వాట్ ఖర్చవుతుంది కాబట్టి 5 వాట్ల వైర్‌వౌండ్ వేయండి. చూశారా, ఈ ఆంప్‌లో బయాస్ అంటే ఇంతే: ఒక రెసిస్టర్, ఒక భాగాహారం, రెండు తీసివేతలు, ఒక గుణకారం. జేటీఎం45లో ఇదే పనికి నెగటివ్ సప్లయ్, పాట్, రెండు ట్యూబుల సరిపోలిక అన్నీ కావాలి.

మొదటిసారి ఆన్ చేయగానే చెవులు చిల్లులు పడే కేక వినిపిస్తే కంగారు పడకండి. అది సాధారణంగా ఫీడ్‌బ్యాక్ తిరగబడటం: అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ వైర్లు రెండూ తారుమారై, తగ్గించవలసిన సిగ్నల్‌ను పెంచుతున్నాయి. ఆఫ్ చేసి, కెపాసిటర్లు ఖాళీ చేసి, ఆ రెండు వైర్లను మార్చి వేస్తే కేక ఆగుతుంది. ఆగకపోతే 22 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒక కాలు విప్పి చూడండి. ఇక హమ్ (గుంయిమనే మోత) సంగతి. పుష్-పుల్ ఆంప్‌లో సప్లయ్ అలలు రెండు ట్యూబుల మధ్య చాలావరకు కొట్టుకుపోతాయి, చాంప్‌లో కొట్టుకుపోవు. పైగా అమెరికాలో ఆ అల 120 హెర్ట్జ్, మన దగ్గర 100 హెర్ట్జ్. అవే కెపాసిటర్లతో మన దగ్గర అది ఐదోవంతు ఎక్కువ. పాత డిజైన్‌లోని 16 మైక్రోఫారడ్‌ను మరీ పెంచవద్దు, 5వై3కి 20 దగ్గర ఆపడం క్షేమం. దాని తరువాతి దశలో 8 బదులు 22 పెట్టుకోవచ్చు. హీటర్ వైర్లను గట్టిగా మెలిపెట్టి, ఛాసిస్ మూలల వెంట, గ్రిడ్ వైర్లకు దూరంగా నడపండి. హీటర్ వైండింగ్‌కు మధ్య ట్యాప్ లేకపోతే రెండు వైపుల నుంచి చెరొక 100 ఓమ్‌ల రెసిస్టర్‌ను ఛాసిస్‌కు వేయాలి. ఇన్ని చేసినా, చెవి స్పీకరుకు ఆనిస్తే కొంచెం హమ్ వినబడుతుంది. ఈ సర్క్యూట్ స్వభావం అది.

ఖర్చు తగ్గించుకోవాలంటే స్పీకరు, కేబినెట్ లేకుండా కిట్ తెప్పించండి. కస్టమ్స్ సుంకం లెక్కగట్టేది వస్తువు ధరతోపాటు రవాణా, బీమా కలిపిన విలువ మీద కాబట్టి, బరువైన పెట్టె ఖర్చు రెండుసార్లు తగులుతుంది. ఛాసిస్ చేతికొచ్చాక కొలతలు తీసుకుని, తెలిసిన వడ్రంగి చేత 18 మిల్లీమీటర్ల మంచి ప్లైవుడ్‌తోనో, పైన్ చెక్కతోనో పెట్టె చేయించుకోవచ్చు. ఛాసిస్ వేడి పైకి పోవడానికి వెనక తెరిచి ఉంచాలి, ట్యూబులకూ చెక్కకూ మధ్య కనీసం రెండు మూడు అంగుళాలు వదలమని చెప్పండి. స్పీకరు ఓమ్‌లు కిట్ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్‌తో సరిపోవాలి. 4, 8 రెండు ట్యాప్‌లూ ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ అడిగితే, ఇక్కడ దొరికే 8 ఓమ్‌ల గిటార్ స్పీకర్లన్నీ మీకు పనికొస్తాయి.

ట్యూబుల విషయంలో కిట్‌తో వచ్చేవే చాలు. విడిగా కొనవలసి వస్తే 6వి6కు స్లొవేకియాలో తయారయ్యే జేజే వారిది తీసుకోండి, మన హెచ్చు వోల్టేజీని అది బాగా తట్టుకుంటుంది. రష్యాలోని సరాతోవ్‌లో తయారై రకరకాల బ్రాండ్ల పేర్లతో అమ్ముడయ్యేవీ బాగానే ఉంటాయి. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ ఒకప్పుడు వాల్వు రేడియోల కోసం చేసిన ట్యూబులు పాత రేడియో మెకానిక్‌ల దగ్గర ఇంకా కనబడతాయి, వాటిలో ఈఎల్84లు మంచి పేరున్నవి. మీ ఆంప్‌లో ఈఎల్84 లేదు కాబట్టి వాటి కోసం తిరగవద్దు, కనిపిస్తే మాత్రం 18 వాట్ల కిట్ కట్టే రోజుకు ఒక జత దాచుకోండి. ఆర్డరుతోపాటు 12ఏఎక్స్7 ఒకటి, 5వై3 ఒకటి, కిట్‌లో చెప్పిన రేటింగ్ ఫ్యూజులు పది అదనంగా తెప్పించుకోండి. ఒక్క ఫ్యూజు కోసం మళ్లీ విదేశీ కొరియరు ఖర్చు పెట్టడం చిరాకు. మీరు ఎంచుకున్న కిట్ స్కీమాటిక్, ట్రాన్స్‌ఫార్మర్ వివరాల కాగితం, మీ సాకెట్‌లో కొలిచిన వోల్టేజీలు ఇక్కడ పెడితే, డబ్బు కట్టేముందు కెపాసిటర్ రేటింగ్‌లు సరిపోతాయో లేదో నేను చూసి చెబుతాను.